నాలుగో భాగం అట్ట మీది పడవ

పోయిన నెలలో మా పాత ఆఫీసు నుంచి ఇద్దరమ్మాయిలు ఇంటికి వచ్చారు. ఒకరు ప్రూఫులు దిద్దుతారు. ఇంకొకరు అచ్చు పని చూస్తారు, అంటే నేను రిటైరయ్యేదాకా కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఆ పిల్ల కూర్చుంటోంది. టీ తాగుతూ, "మేడం, ఈ పనిలో అసలు ఏం చూసుకోవాల్నో రాసియ్యరా?" అని అడిగింది. కాగితం రకాలు, సైజులు, ఏ ప్రెస్సులో ఏ రంగు ముదురుగా పడుతుంది, ఇవన్నీ ఆఫీసు ఫైల్లో ఉన్నాయి. అందులో లేని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు జబ్బు చేసి కాళ్లు బలహీనపడితే, నాన్న రోజూ పొద్దున పూజ కాగానే నా చేతికి పలక ఇచ్చి ఇంట్లోనే చదువు చెప్పారు. ఆ చదువుతోనే చిక్కడపల్లిలోని ఒక చిన్న ప్రచురణ సంస్థలో ఇన్నేళ్లు పనిచేశాను. మా యజమాని విఠల్‌రావు గారు ఒక్కనాడు కూడా నన్ను సర్టిఫికెట్ అడగలేదు. నాన్నకు, సారుకు, వాళ్లిద్దరినీ నాకిచ్చిన స్వామికి దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

చదవకుండా కుట్టిన పుస్తకాలు

విఠల్‌రావు గారి దగ్గరికి రాకముందు నారాయణగూడలో మల్లయ్య గారి కిరాయి పుస్తకాల షాపులో బైండింగ్ పని చేసేదాన్ని. ఇప్పటి పిల్లలకు ఆ షాపులు తెలియవు. కొత్త నవల రాగానే దాన్ని ఉన్నదున్నట్టు కిరాయికిస్తే నెల తిరిగేసరికి ఆకులు ఊడిపోతాయి. అందుకని ముందు ముఖచిత్రాన్ని ఊడదీసేవాళ్లం. లోపలి ఫారాలను, అంటే మడిచిన అచ్చు కాగితాల కట్టలను, దబ్బనంతో పొడిచి, దారంతో బిగించి కుట్టి, రెండు వైపులా మందపాటి అట్టలు పెట్టేవాళ్లం. పురుగు పట్టకుండా మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసి, తీసిన ముఖచిత్రాన్ని మళ్లీ ఆ అట్టల మీద అతికించేవాళ్లం. చివర్న వెన్ను మీద గట్టి గుడ్డ పట్టీ. అలా కట్టిన పుస్తకం వందమంది చేతులు మారినా చెదిరేది కాదు.

నాకొక అలవాటు ఉండేది. వెనకట్ట లోపలివైపు, కాగితం అతికించే ముందు, పెన్సిలుతో చిన్నగా "శ్రీ" అని రాసేదాన్ని. పైన కాగితం పడితే అది ఎవరికీ కనిపించదు. నాన్న నేర్పిన మొదటి అక్షరం, నా చేతిలోంచి వెళ్లే పుస్తకంలో ఉండనీ అనిపించేది.

మల్లయ్య గారు మంచివారు. పండగకు చీర, రోజూ మధ్యాహ్నం ఇరానీ చాయ్, ఏ రోజూ గొంతు పెంచింది లేదు. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టారు.

"బైండింగ్ చేసేటోళ్లు బుక్కు చదువద్దమ్మా. చదివితే చెయ్యి ఆగుతది."

నేను ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాను. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, అది తప్పు మాట. ఎంత తప్పో తెలియడానికి నాకు నా ఉద్యోగమంతా పట్టింది.

షబానాకు కథ చదవడం

నేను రిటైరవడానికి కొంచెం ముందు విఠల్‌రావు గారు పాత జానపద నవలలను కొత్త ముఖచిత్రాలతో మళ్లీ వేద్దామన్నారు. మొదటిది "వజ్రవనం", నాలుగు భాగాలు. వీరసింధు అనే కుర్రాడు, అలకావతి అనే రాకుమారి, ఒక మంత్రగత్తె, మాట్లాడే గద్దలు. ఒకప్పుడు మా సంస్థే వేసింది, అమ్ముడైపోయింది, మరిచిపోయింది. రచయిత గారు పోయి చాలా ఏళ్లయింది. ఆఫీసులో మిగిలిన సెట్టుకు ముఖచిత్రాలు లేవు, చెదలు తినేశాయి.

"పాత బొమ్మలు ఎట్లుండెనో యాదికున్నదా సుభద్రమ్మా?" అని సారు అడిగారు.

"మల్లయ్య గారి షాపులో ఇవి నేనే కుట్టిన సార్. హంస పడవ బొమ్మ ఒకటి యాదికున్నది. ఏ భాగమో తెల్వదు."

బొమ్మలు వేయడానికి ముషీరాబాద్ నుంచి షబానా వచ్చింది. పెళ్లికార్డులు డిజైన్ చేసే షాపులో పని మానేసి మరీ వచ్చింది. ఈ నాలుగే కాదు, వెనక ఇంకో పన్నెండు పుస్తకాలున్నాయని సారు చెప్పిన మాట మీద. చెయ్యి బంగారం. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి.

"కథ నాలుగు ముక్కల్లో చెప్పేయ్, గీస్తది," అన్నారు సారు.

నాకు మనసొప్పలేదు. రోజూ భోజనాలయ్యాక కూర్చోబెట్టి, నాలుగు భాగాలూ పైకి చదివి వినిపించాను. నేను కూడా ఆ కథ అప్పుడే మొదటిసారి చదవడం. రెండో భాగంలో వీరసింధు హంస పడవలో సరస్సు దాటుతాడు. నాలుగో భాగం ఆఖరి పేజీలో అలకావతి దీపం పట్టుకుని అదే సరస్సు మెట్లు దిగుతుంది. "ఆమె మంచులోకి నడిచింది. తర్వాత ఆమెను చూసినవారు లేరు." అంతే, కథ అయిపోయింది.

షబానా దుపట్టాతో కళ్లు తుడుచుకుంది. "ఇంతేనా ఆంటీ? ఇంకో పేజీ లేదా?"

"లేదమ్మా."

రెండో భాగానికి హంస పడవ గీసింది. నాలుగో భాగానికి మంచు, మెట్లు, మెట్ల మీద వదిలేసిన దీపం. మనిషి లేదు.

మీసం గొడవ, పడవ గొడవ

పుస్తకాలు వచ్చిన వారానికి ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది గాంధీనగర్ నుంచి, రిటైరైన మాస్టారు.

"ఏమ్మా, మా వీరసింధు మీసం గొరిగిందెవరు?"

"కథలో ఆయనకు పదహారేళ్లే గద మాస్టారూ. మీసం ఎక్కడిది?"

ఆయన గొంతు తగ్గించి అన్నారు. "నేను చదివినప్పుడు నాకు పదమూడమ్మా. పదహారేళ్లోడంటే నాకు పెద్ద మొగోడు. మీసం ఉండె. నేను చూసిన."

"ఉండే ఉంటది మాస్టారూ," అన్నాను. ఆయన సంతోషంగా ఫోన్ పెట్టేశారు. పెట్టేముందు ఇంకో రెండు సెట్లు పంపమన్నారు కూడా. కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడొక మాట. ఫోన్ చేసి తిట్టేవాళ్లతో ఎప్పుడూ వాదించకండి. వాళ్లకు మీ పుస్తకం మీకంటే బాగా తెలుసు.

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలైతే గుంపుగా వచ్చి కొన్నారు. "కవర్ కిరాక్ ఉందాంటీ! దీంట్లకెళ్లి పరీక్షల ఏమడగరు గద?" అని నవ్వుకుంటూ పోయారు. వాళ్లకు ఏ గొడవా లేదు. కరీంనగర్ నుంచి, గుంటూరు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి.

గొడవంతా నాలుగో భాగం మీద. "పడవ ఏది?" "రెండో భాగం బొమ్మ నాలుగోదానికి, నాలుగోది రెండోదానికి తారుమారు చేసిండ్రు." "అలకావతిని నీళ్లల్ల ముంచిండ్రు, మీకు ఉసురు తగులుతది." ఫోన్లోనూ, ఫేస్‌బుక్‌లోనూ ఇదే. హంస పడవ నాలుగో భాగం అట్ట మీదే ఉండేదట. ఆఖర్న ఆ పడవ తిరిగొచ్చి అలకావతిని ఎక్కించుకుపోతుందట. నేను పుస్తకం మళ్లీ మళ్లీ తిరగేశాను. ఆఖరి పేజీలో పడవ లేదు.

ఉత్తరాలను ఊళ్లవారీగా పేర్చే అలవాటు నాకు. అలా పేరుస్తుంటే ఒక వింత కనిపించింది. పడవ అడిగిన వాళ్లంతా చిక్కడపల్లి, ముషీరాబాద్, గాంధీనగర్, కాచిగూడ వాళ్లే, అన్నీ దగ్గరదగ్గర బస్తీలే. ఊరవతలి వాళ్లు ఒక్కరూ పడవ ఊసెత్తలేదు.

సారుతో చెబితే, "ఎవడో మనకు పడనోడు ఈ గల్లీలల్ల గ్రూపు కట్టిచ్చిండు," అన్నారు. ఆయన కోపం పాలపొంగు. అయితే అది పొంగినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ల మీద పడుతుంది. ఆ శుక్రవారం షబానా మీద పడింది.

"ఆ పిల్లకు తెలుగు చదవరాదు. కథ సమజ్ గాక గీసింది. మిగిలిన పన్నెండు వేరేటోళ్లకిద్దాం. సోమవారం చెప్పేస్త."

"నేనే చదివి వినిపించిన సార్. ఒక్క లైను వదల్లే."

"విన్నది వేరు, చదివింది వేరమ్మా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చదువంతా చెవితోనే మొదలుపెట్టినదాన్ని నేను. నాన్న చెబుతుంటే విని, తర్వాతే అక్షరం దిద్దాను. ఆ సంగతి సారుకు గుర్తులేదు. ఇంటికి పోతూ మా వీధి ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి, ఆ పిల్ల పొట్ట మీద దెబ్బ పడకుండా చూడు తండ్రీ అని మొక్కుకున్నాను.

యాదగిరి సంచి

శనివారం పొద్దున్నే ఆఫీసు మెట్ల మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. చేతుల నిండా సిమెంటు పగుళ్లు. ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి.

"నమస్తే అక్కా. నా పేరు యాదగిరి. తాపీ పని జేస్త. మాది మహబూబ్‌నగర్ దిక్కు, ఇప్పుడు ముషీరాబాద్‌ల ఉంటున్నం. వజ్రవనం బొమ్మ ఏసినోళ్లెవరో వాళ్లను జర పిలువు."

లోపల బల్ల దగ్గర షబానా లేచి నిలబడింది. "నేనే అన్నా."

ఆయన ఏదో గట్టిగా అనబోయి, ఆమెను చూసి ఆగిపోయాడు. "నువ్వా? నా బిడ్డంత ఉన్నవ్. అయినా చెప్త. అలకావతిని సంపేసినవ్ బిడ్డా."

"నేను సంపలేదన్నా! బుక్కులనే గట్లుంది, మంచులకు పోతదని. ఆంటీ చదువుతుంటే నేను ఏడ్చిన గూడ."

"మంచులకు పోతది. మంచుల పడవ ఉంటది. ఎక్కుతది. ఇంత చిన్న ముచ్చట తెల్వదా?"

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాక అసలు సంగతి బయటపడింది. పనికోసం ఈ ఊరొచ్చిన కొత్తలో మేస్త్రీ ఒకరు ఆయనకు అక్షరాలు నేర్పారట. కూడబలుక్కుని చదివిన మొదటి పుస్తకం వజ్రవనం. ఆదివారాలు బస్తీలో అందరినీ పోగేసి ఆ కథ చెప్పేవాడు. తర్వాత తన కూతురికి ఎన్నోసార్లు చెప్పాడు. ఇప్పుడు కూతురు డిగ్రీ చదువుతోంది. కొత్త సెట్టు కొనుక్కొచ్చింది.

"చదివి నన్ను ఏమన్నది ఎరికేనా అక్కా? 'నాయినా, పడవ లేదు. నన్ను ఇన్నేండ్లు ఉత్తగనే నమ్మిచ్చినవ్' అన్నది. నవ్వుతనే అన్నది. కానీ నాకు మనసున పట్టలే. నా పాత బుక్కు తీసి లైను లైను ఎతికిన. అట్ట మీద పడవ ఉన్నది. లోపట లేదు! అట్లెట్లయితదక్కా? నేనేమన్న అబద్ధం జెప్పెటోన్నా?"

సంచిలోంచి నాలుగు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. తాను చదివిన కిరాయి పుస్తకాల షాపు మూతపడినప్పుడు కిలోల లెక్కన అమ్మేస్తుంటే తెచ్చుకున్నాడట. పైన ఉన్నది నాలుగో భాగం. పట్టీ మీద మల్లయ్య గారు షాపు లెక్కకు పెయింటుతో వేసిన అంకె. అట్ట మీద హంస పడవ.

ఆ కుట్టు నాకు తెలిసిన కుట్టు. మూడు పొడుపులు, చివర వెనక్కి తిప్పి వేసిన ముడి. ఆ ముడి నాన్న దండలు కట్టేటప్పుడు వేసే ముడి. నేను తప్ప ఇంకెవరూ అలా వేయరు.

పట్టీ కింద

తడిగుడ్డ తెచ్చి పట్టీ మీద వేశాను. "ఆంటీ, ఏం చేస్తున్రు?" అని షబానా దగ్గరికి వచ్చింది. జిగురు మెత్తబడ్డాక గుడ్డను మెల్లగా వెనక్కి ఒలిచాను. కింద ముఖచిత్రం కాగితం మడత, దాని మీద పాత అచ్చు: "వజ్రవనం, రెండవ భాగం."

నాలుగో భాగం పుస్తకానికి రెండో భాగం ముఖచిత్రం.

అప్పుడు గుర్తొచ్చింది. షాపుకు ఆ సెట్లు కట్టలుగా వచ్చాయి. ముఖచిత్రాలన్నీ ముందే ఊడదీసి, బోర్లా పేర్చి బరువులు పెట్టాను. ఆ మధ్యాహ్నం వాన పడి రేకు కప్పు కారితే, తడవకుండా కట్టలన్నీ అటూ ఇటూ జరిపాను. భాగం అంకె వెన్ను మీద తప్ప ముందువైపు లేదు. వరసను నమ్మి, అంకె చూడకుండా అతికించాను, వెన్ను పట్టీ కిందికి పోయింది. కథ చదివి ఉంటే పడవ ఎక్కడిదో తెలిసేది. నేను చదవలేదు. ఆ తారుమారైన పుస్తకాలనే చుట్టుపక్కల బస్తీలన్నీ కిరాయికి తీసుకుని చదివాయి.

వెంటనే రెండో భాగం పుస్తకం అందుకున్నాను. దాని మీద అతికించి ఉన్నది అసలు నాలుగో భాగం ముఖచిత్రం. రంగులు వెలిసిపోయిన మంచు, కొన్ని మెట్లు, మెట్ల మీద ఒక దీపం. మనిషి లేదు.

షబానా తన కొత్త పుస్తకం తెచ్చి పక్కన పెట్టింది. చాలాసేపు రెండింటినీ చూసింది.

"అల్లా! ఆంటీ, ఇది నేను ఎన్నడు సూడలే. సచ్చీ."

"నాకు తెలుసమ్మా. నువ్వు చూసే వీలే లేదు."

చెప్పకుండా ఊరుకోవచ్చునన్న ఆలోచన నాకు రాలేదని రాస్తే అది అబద్ధం. అప్పటికి పట్టీ కింద ఏముందో చూసింది మేం ముగ్గురమే. వాళ్లిద్దరికీ అది ఎవరి చేతి పనో తెలియదు. మళ్లీ జిగురు పెట్టి అతికిస్తే అయిపోయేది. కానీ వెనకట్ట మూల కాగితం లేచిపోయి ఉంది. దాని కింద పెన్సిలు గీత. వేలితో ఎత్తి చూశాను. నా చిన్ననాటి గుండ్రటి అక్షరం. "శ్రీ." ఆ అక్షరం ముందు పెట్టుకుని నేనేం దాచగలను?

లోపలికి వెళ్లి సారును పిలుచుకొచ్చి, రెండు పాత పుస్తకాలు, రెండు కొత్త పుస్తకాలు వరసగా పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

ముందు ఆయన మొహం ఎర్రబడింది. "అంటే నువ్వెప్పుడో కప్పు కారినప్పుడు చేసిన తప్పుకు ఇప్పుడు నాకు ఫోన్లా?" తర్వాత పాత మంచునూ కొత్త మంచునూ దగ్గరగా పెట్టి చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "అరే షబానా! పాత బొమ్మలాయిన ఏం గీసిండో అదే గీసినవ్ గదనే!" ఆ తర్వాత ఒకటే నవ్వు. "ఇంతమంది తిట్టెటోళ్లు రచయిత అభిమానులు అనుకున్న. కాదు, వీళ్లంతా సుభద్రమ్మ అభిమానులు!"

నవ్వి నవ్వి, షబానాతో, "మిగిలిన పన్నెండు గూడ నువ్వే. సుభద్రమ్మ చదువుతది, నువ్వు ఇను," అన్నారు. సోమవారం కోసం ఆగలేదు. సారులో నాకు నచ్చే గుణం అదే. తన మాట తప్పని తెలిస్తే క్షణం ఆగరు.

యాదగిరి మాత్రం నవ్వలేదు. నా వంకే చూస్తున్నాడు.

"అంటే, పడవ రాలేదా అక్కా?"

ఇన్నేళ్లు బస్తీ అంతటికీ, కన్న కూతురికీ చెప్పిన ఆఖరి ముచ్చట నా చేతి పొరపాటని ఆయన మొహం చూసి ఎలా చెప్పను?

షబానా ఆయన పక్కన కూర్చుంది. "వచ్చిందని రాయలేదన్నా. రాలేదని గూడ రాయలే. మంచుల ఏమున్నదో ఎవరు సూసిండ్రు?"

యాదగిరి పాత పుస్తకం మీది మంచును వేలితో తడిమాడు. "గట్లంటవా?"

"గట్లనే."

"మా బిడ్డకు గీ మాట నువ్వే చెప్పాలె," అన్నాడు. వెంటనే ఫోన్ కలిపి షబానా చేతికిచ్చాడు. వాళ్లిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. సారు అందరికీ చాయ్ తెప్పించారు.

రెండో ముద్రణ

స్వామి దయవల్ల ఆ గొడవతోనే మొదటి ముద్రణ తొందరగా అయిపోయింది. రెండో ముద్రణకు నాలుగో భాగం ముందు బొమ్మను షబానా ముట్టుకోలేదు. వెనకవైపు మాత్రం మంచులో, నీళ్లు ఆకాశంలో కలిసేచోట, తెల్లగా ఒక చుక్కంత ఏదో గీసింది. అచ్చు పడుతున్నప్పుడు ప్రెస్సు అతను మరక అనుకుని తుడిచేయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎవరికీ చెప్పలేదు, ప్రకటించలేదు. గుంటూరు నుంచి ఒకాయన వెనక కొంగ బాగుందని రాశారు. గాంధీనగర్ మాస్టారు మాత్రం ఫోన్ చేసి, "థ్యాంక్సమ్మా," అన్నారు. అంతే, ఫోన్ పెట్టేశారు.

యాదగిరి కూతురితో కలిసి వచ్చాడు. పుస్తకం వెనక్కి తిప్పి, కిటికీ దగ్గరికి పోయి, చెయ్యంత దూరంలో పట్టుకుని చూశాడు.

"ఉన్నది," అన్నాడు.

"చుక్క నాయినా అది," అంది కూతురు.

"నీకు చుక్క. నాకు తెల్వదా పడవేందో?"

అలా దెబ్బలాడుకుంటూనే ఆయన నాలుగు కొత్త పుస్తకాలూ నా బల్ల మీద పెట్టాడు. "అక్కా, ఈ పల్చటి అట్టలు మా బస్తీల చేతులకు ఆగయ్. నీ చేతితోని పాత తీర్గ కట్టియ్యి."

నేను దబ్బనం పట్టి ఎన్నేళ్లయిందో. రిటైరవడానికి వారం ముందు, పని వేళ అయ్యాక ఆఫీసు బల్ల మీదే కూర్చున్నాను. షబానా జిగురు కలిపింది, మైలుతుత్తం నేను వేశాను. ముఖచిత్రాలు ఊడదీసి, ఈసారి ఒక్కోదాన్నీ దాని ఫారాల పక్కనే పెట్టాను. మూడు పొడుపులు, వెనక్కి తిప్పి ముడి. వెనకట్ట లోపల పెన్సిలుతో "శ్రీ" రాసి, కాగితం వేశాను.

గుడ్డ పట్టీ వేసే ముందు నాలుగో భాగం తెరిచి ఆఖరి పేజీ ఇంకోసారి చదివాను. తర్వాత వెన్ను మీద అంకె చూసి, పట్టీ అతికించాను.